మంచు గేట్లు: తప్పు వరస

"పిన్నీ, సూపు చల్లారిపోతోందని నాన్నకి చెప్పు."

నెట్టా గరిటె పట్టుకుని ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. నలుగురు కూర్చుంటే మోచేతులు తగిలేంత బల్ల అది. బల్ల ఒక కొసన బావ డూగల్. అతని ఎడమపక్కన, పొయ్యికి దగ్గరగా, అక్క కూతురు మార్సలీ. ఇద్దరి మధ్యా ఒక ఉప్పుగిన్నె పట్టేంత చోటుంది, అంతే.

"బావా, సూపు చల్లారిపోతోందట," అంది నెట్టా.

"తాగుతాలే."

"తాగుతాడటే."

"విన్నాను పిన్నీ."

"వింటే మళ్ళీ నన్నెందుకు తిప్పుతారు తల్లీ? నేను కింది ఊరి నుంచి రెండు రోజులు కాళ్ళు చాపుకుందామని వచ్చాను. మీ ఇద్దరికీ టపా బంట్రోతు ఉద్యోగం చెయ్యడానికి కాదు."

ఎవరూ నవ్వలేదు. కిటికీ బయట మంచు నిలువుగా, తొందర లేకుండా పడుతోంది.

ఈ మౌనం మంగళవారం మొదలైంది. ఇవాళ గురువారం.

మంగళవారం సాయంత్రం డూగల్ ఊరి హాలుకి బొగ్గు బస్తా దింపడానికి వెళ్ళాడు. భార్య బెథియా పోయిన ఈ రెండేళ్ళలో అతను ఆ గడప దాటింది లేదు. బస్తా గుమ్మంలో దింపి పోయేవాడే. కానీ ఆ వేళ లోపలి నుంచి అకార్డియన్ మీద తెలిసిన పాట వినిపించింది. తలుపు సందులోంచి చూశాడు. మార్సలీ తన నృత్య తరగతి వాళ్ళకి "మంచు గేట్లు" నేర్పుతోంది. బెథియా స్వయంగా కట్టిన ఆట అది. చివరి ఎనిమిది ఆవర్తాల్లో అడుగులు వేరుగా ఉండేసరికి డూగల్ మొహం మారిపోయింది.

"అది బెథియా ఆట కాదు," అన్నాడు, ఎనిమిదిమందీ ఆగిపోయి వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. బస్తా ఎలా ఉన్నదలా వదిలేసి, మంచులో నడిచి ఇంటికొచ్చేశాడు.

ఆ తర్వాత కూతురితో ఒక్క ముక్క లేదు.

నెట్టా గరిటె పక్కన పెట్టింది. "ఆ ఉత్తరం ఏదే? ఇటు తే. ఏం రాసిచచ్చారో నేనూ చూస్తాను."

మార్సలీ అల్మారా మీద నుంచి తెచ్చి ఇచ్చింది. నృత్యాల పుస్తకాలు అచ్చువేసే సంఘం నుంచి సోమవారం వచ్చిన ఉత్తరం అది. నెట్టా కళ్ళజోడు తుడుచుకుని పైకి చదివింది.

"'కీర్తిశేషులు శ్రీమతి బెథియా రాట్రే గారి ఆట మా కమిటీకి ఎంతో నచ్చింది. ఈ ఏటి పుస్తకంలో వేయాలని మా కోరిక.' బాగుందిగా! 'అయితే ఒక చిన్న సవరణ. చివరి ఎనిమిది ఆవర్తాల్లో మొదటి జంట చెయ్యి చెయ్యి పట్టుకుని వరసల మధ్యగా కిందికి దిగి, మళ్ళీ పైకి వస్తారు కదా. అప్పుడు వాళ్ళు తప్పు వైపుల ఉంటున్నారు. పురుషుడు స్త్రీల వైపు, స్త్రీ పురుషుల వైపు. దానివల్ల ఆఖరి రెండడుగుల్లో హడావిడిగా దాటి ఎవరి వరసకి వాళ్ళు చేరాల్సి వస్తోంది. ఇది పొరపాటున జరిగిందని మా అభిప్రాయం. ముందే దాటిస్తే ఆట సొగసుగా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం మీ హాలుకి వచ్చి చూస్తాను. మిస్ కార్గిల్.'"

నెట్టా ఉత్తరం మడిచింది. "ఆవిడ చెప్పింది నిజమే బావా. ఆ చివర నేనెప్పుడూ అక్కని తిట్టుకునేదాన్ని. రెండడుగుల్లో దాటమంటే నా మోకాళ్ళేమైనా మేకపిల్ల మోకాళ్ళా?"

"మీ అక్క పొరపాటు చెయ్యలేదు," అన్నాడు డూగల్.

"అదే అడుగుతున్నాను." మార్సలీ గొంతు లేచింది. "పొరపాటు కాకపోతే ఎందుకలా కట్టింది? కారణం చెప్పు, నేనే మిస్ కార్గిల్‌కి చెప్పి ఒప్పిస్తాను. చెప్పడు. మూడు రోజులుగా చెప్పడు. అమ్మ పేరు పుస్తకంలో రావాలని నేను ఆరు నెలలు తిరిగాను పిన్నీ. ఆ ఆట అడుగులన్నీ శుభ్రంగా రాసి, బొమ్మలు గీసి, పంపించాను..."

"నన్నడక్కుండా పంపించావు."

మంగళవారం తర్వాత అతను నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అదే.

"అడిగితే జవాబిచ్చేవాడివా? ఎప్పుడిచ్చావు నాన్నా? నా మాటకి ఎప్పుడు పలికావు?" మార్సలీ కళ్ళు నిండాయి. "వాగు దగ్గర పడిపోయి, మణికట్టు విరిగి, మూడుసార్లు పిలిచాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నువ్వు నాకు పది గజాల ముందు నడుస్తున్నావు. తల తిప్పలేదు. నీ దారిన నువ్వు పోయావు."

డూగల్ చెంచా వైపు చూశాడు.

"ఆ రోజు గాలి..." అన్నాడు.

"గాలి! ముప్పై ఏళ్ళ నుంచీ అదే గాలి."

ఆమె లేచి తన గిన్నె తొట్టిలో పెట్టింది. నెట్టాకి ఈ ఇంట్లో ఈ వాగు గొడవ కొత్త కాదు. అక్క ఉండగా ఆ మాట లేచినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి అణిచేసేది. ఇప్పుడు అణిచేవాళ్ళు లేరు.

మార్సలీ తొట్టి దగ్గరే, తండ్రికి ఎడమవైపు వెనగ్గా నిలబడి గిన్నెలు తోముతోంది. పొయ్యి మీద నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. తోముతూ తోముతూ, కోపం చల్లారిన మెత్తని గొంతుతో అంది.

"పోనీ నాన్నా. శనివారం నువ్వు రా. నువ్వు వద్దంటే అసలు పుస్తకమే వద్దని చెప్పేస్తాను."

డూగల్ రొట్టె విరుచుకుంటున్నాడు. పలకలేదు.

మార్సలీ ఒక్క క్షణం ఎదురు చూసింది. తడిచేతులు తుడుచుకోకుండానే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నెట్టా మాత్రం కదలకుండా బావ మొహంలోకి చూస్తోంది. కోపంతో పలకనివాడి మొహం ఆవిడకి తెలుసు. ఇద్దరు మొగుళ్ళని చూసిన మనిషి. దవడ బిగుస్తుంది, కనుబొమ్మ కదులుతుంది. డూగల్ మొహంలో ఏమీ కదల్లేదు. రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు, అంత బంగారంలాంటి మాట అసలు గాలిలోకే రానట్టు.

ఆవిడ మెల్లగా లేచింది. టీ కెటిల్ దించే మిషతో అతని ఎడమపక్కకి నడిచి, వంగి, మామూలు గొంతుకంటే కొంచెం తగ్గించి అంది.

"బావా, నీ కుర్చీ కింద ఎలుకుంది."

డూగల్ వెన్న రాసుకున్నాడు.

"రెండున్నాయి. ఒకటి నీ ప్యాంటులోకి పోతోంది."

డూగల్ రొట్టె కొరికాడు.

నెట్టా కుర్చీ వెనకగా చుట్టి కుడిపక్కకి వచ్చింది. అదే గొంతు, అదే వంపు. "బావా, ఎలుక."

డూగల్ చెంగున కాళ్ళు పైకెత్తాడు. రొట్టె నేలపాలైంది. "ఏదీ? ఎక్కడ?"

నెట్టా అతని ఎదురుగా కూలబడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

"ఎన్నేళ్ళయింది బావా?"

"ఏమిటి?"

"నటించకు. ఆ ఎడమచెవి. ఎన్నేళ్ళయింది?"

డూగల్ తలుపు వైపు చూశాడు. మూసే ఉంది. బల్ల మీది రొట్టె ముక్కలు వేలితో ఒకచోటికి చేర్చాడు.

"ఇరవై నాలుగో ఏట," అన్నాడు చివరికి. "రాళ్ళ క్వారీలో. మందుగుండు ముందే పేలింది. రక్తం రాలేదు, ఏమీ లేదు. ఆ పక్క ప్రపంచం ఆరిపోయింది, అంతే."

"మరి దారి మీద మంచు తోసే ఆ నాగలి బండి ఇరవై ఆరేళ్ళు ఎలా తోలావయ్యా? ఆ ఉద్యోగానికి చెవుల పరీక్ష ఉంటుందిగా?"

"ముసలి డాక్టరు. వెనక నిలబడి గుసగుసలాడేవాడు. నేను ప్రతిసారీ కొద్దిగా తల తిప్పేవాణ్ణి." అతని పెదవి చివర చిన్న నవ్వు మెరిసి పోయింది. "బండి లోపల ఎలాగూ ఇంజన్ మోతేగా. కళ్ళతోనే తోలేది. తెలిస్తే తీసేసేవాళ్ళు నెట్టా. తీసేస్తే ఈ లోయలో నాకు ఇంకేం పని ఉంది?"

"అక్కకి తెలుసా?"

"తనొక్కదానికే."

గది తలుపు తెరుచుకుంది. మార్సలీ గుమ్మంలో నిలబడి ఉంది. తలుపు వెనక ఎంతసేపటి నుంచి వింటోందో ఆమె మొహమే చెబుతోంది.

"అమ్మకి తెలుసా?" అంది.

ఈసారి డూగల్ విన్నాడు. తల వంచుకుని, ఒక్కొక్క మాటే తవ్వి తీసినట్టు చెప్పాడు. మార్సలీకి మూడేళ్ళప్పుడు కొండదారి రెండు చివరలా ఇనుప గేట్లు పదకొండు రోజులు మూసేశారు. నాగలి బండి కూడా ఎక్కలేని మంచు. అతను ఆ పదకొండు రోజులూ ఇంట్లోనే ఉన్నాడు. బెథియా ఈ బల్ల మీదే ఎనిమిది బంగాళాదుంపలు పెట్టి, వాటిని అటూ ఇటూ జరుపుతూ ఆ ఆట కట్టింది. పెద్దవి మగవాళ్ళు, చిన్నవి ఆడవాళ్ళు.

"మామూలుగా మధ్యలో దిగేటప్పుడు ఆడమనిషి నాకు ఎడమపక్క పడుతుంది," అన్నాడు డూగల్. "ఆ పక్క ఏం చెప్పినా నాకు వినిపించదు. పైగా వాయిద్యాల మోత. అందుకని మీ అమ్మ మమ్మల్ని తప్పు వైపులకి మార్చింది. దిగేటప్పుడు తను నా కుడిపక్క. ఆ నాలుగు ఆవర్తాలు తను మాట్లాడేది. పైకి తిరిగాక మళ్ళీ ఎడమపక్కకి పడుతుంది. అప్పుడు నేను మాట్లాడేవాణ్ణి. తను వినేది."

కెటిల్ మూత టకటకమని కొట్టుకుంటోంది.

"అదీ సంగతి," అన్నాడు. "పొరపాటు కాదు."

మార్సలీ చూపు బల్ల మీదికి, పొయ్యి పక్కనున్న తన కుర్చీ మీదికి పోయింది.

"అమ్మ ఎప్పుడూ నా కుర్చీ నీ కుడిపక్కకి లాగేది," అంది నెమ్మదిగా. "నేను చలి అని మళ్ళీ పొయ్యి దగ్గరికి లాక్కునేదాన్ని. రోజూ ఇదే గొడవ. ఎందుకమ్మా అంటే చెప్పేది కాదు." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "స్కూలు నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని నీకు కబుర్లు చెప్పేదాన్ని నాన్నా. గంటలు గంటలు చెప్పేదాన్ని."

డూగల్ లేవబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నీ మీద కోపం లేదు. నీకు వినబడలేదు, అంతే కదా. అమ్మకేమొచ్చింది? వాగు దగ్గరిది తెలిసీ, నేను నిన్ను తిట్టుకుంటూ పెరుగుతుంటే చూస్తూ ఊరుకుందా? ఒక్క మాట చెబితే పోయేది. ఒక్క మాట!"

డూగల్ నోరు తెరిచాడు. నోటి దాకా వచ్చిన మాట ఏదో మింగేశాడు. నెట్టా అది చూసింది. అడగలేదు.

* * *

శనివారం పొద్దున హాల్లో కుర్చీలు గోడవారగా సర్దుతుంటే, మార్సలీ మూడో కుర్చీని నేలకి కొట్టినట్టు దించింది.

"ఆ కుర్చీ ఏం పాపం చేసిందే?" అంది నెట్టా.

"పిన్నీ, నువ్వయితే ఏం చేసేదానివి? నిజం చెప్పు."

"నేనయితే మర్నాడే ఊరంతా చాటేసేదాన్ని. అందుకేగా ఎవరూ నాకే రహస్యమూ చెప్పరు." నెట్టా బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంది. "మా అక్క అలా కాదు. అది మాటిస్తే ఇచ్చినట్టే. మొగుడు వద్దంటే నోరు కుట్టేసుకుని ఉంటుంది."

"వద్దన్నాడో లేదో. తనకే అలా సుఖంగా ఉందేమో. నాన్నకి తను తప్ప దిక్కులేదన్నట్టు, ఇద్దరే ఒక లోకంలో..." మార్సలీ మాట మధ్యలో ఆపేసింది. "వదిలెయ్. చచ్చిపోయినావిడతో పోట్లాట ఏమిటి?"

"పోట్లాడుకోవే. దానికేం, ఇప్పుడు తిరిగి అనలేదుగా. బతికుండగా నాకా అవకాశమే ఇవ్వలేదు."

మార్సలీకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నెట్టా చేతిరుమాలు తీసి ఇచ్చింది. దాని నిండా రొట్టెముక్కల పొడి.

తలుపు తెరుచుకుని చలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. వెనకే డూగల్. బూట్ల మంచు దులుపుకున్నాడు. కోటు విప్పాడు. లోపల మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళున్న కిల్టు కట్టుకుని ఉన్నాడు, రెండేళ్ళుగా పెట్టెలో ఉన్నది, మడతలు కత్తిలా నిలబడి ఉన్నాయి. జేబులోంచి మెత్తటి నల్ల ఆట జోళ్ళు తీసి బెంచీ మీద పెట్టాడు.

"అమ్మయ్యో!" అంది నెట్టా. "పెళ్ళికొడుకు వచ్చాడు."

"ఊరుకో నెట్టా." అతను కూతురి వైపు తిరిగాడు. "ఆవిడ చూడాలంటే ఎవరైనా చేసి చూపించాలిగా. నీ తరగతి వాళ్ళకి ఆ చివర తెలియదు. నాకు తెలుసు." ఆగి, "నీకూ తెలుసు. చిన్నప్పుడు ఆ మూల కూర్చుని చూసేదానివి."

మార్సలీ అతని చుట్టూ నడిచి, కుడిపక్కకి వచ్చి నిలబడింది.

"జోళ్ళ తాళ్ళు కట్టుకోగలవా, నేను కట్టనా?"

"కట్టు. నడుం వంగడం లేదు."

ఆమె నేల మీద కూర్చుని తాళ్ళు కడుతుంటే, డూగల్ పైనుంచి ఆమె పాపిట వంక చూస్తున్నాడు. నెరుస్తోంది. ముప్పై తొమ్మిదేళ్ళ కూతురు.

"నాకింకా అమ్మ మీద కోపంగానే ఉంది," అంది మార్సలీ తల ఎత్తకుండా. "ఆట ఆడినంత మాత్రాన పోదు. ముందే చెబుతున్నా."

అది కుడిపక్క. అతను విన్నాడు. అతని చేతులు కిల్టు అంచు పట్టుకుని బిగుసుకున్నాయి.

* * *

మధ్యాహ్నానికి హాలు నిండింది. కొండదారి గేట్లు బుధవారమే మూసేశారు గానీ కింది దారి తెరిచే ఉంది. మిస్ కార్గిల్ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఊలు టోపీ కింద ఎర్రబడిన చెవులతో, చూడగానే చేతిలో వేడి టీ పెట్టాలనిపించే మనిషి. ఒక మూల కుర్చీలో కూర్చుని పుస్తకం, పెన్సిలు తీసింది.

"మీరు సవరణకి ఒప్పుకున్నట్టేనా?" అని మార్సలీని అడిగింది మర్యాదగా.

"ముందు మా అమ్మ కట్టినట్టు చూడండి. తర్వాత మాట్లాడుకుందాం."

అకార్డియన్ వాయించే హ్యూయీ డూగల్‌ని చూసి వాయించడం మర్చిపోయాడు. పదిహేను చలికాలాలు నాగలి బండిలో డూగల్ పక్కసీటులో కూర్చున్న మనిషి అతను.

"ఏరా, దారి తప్పి వచ్చావా?"

"వాయించరా. పాట గుర్తుందా, లేదా?"

హ్యూయీ మొదటి స్వరం లాగి పట్టాడు. వరసలు వంగి నమస్కరించుకున్నాయి. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఒక వరస, ఎదురెదురుగా నాలుగు జంటలు. పైన మొదటి జంట డూగల్, మార్సలీ. వాళ్ళ కింద నెట్టా, ఆవిడ జోడీ పోస్టుమాన్.

డెబ్భై ఏళ్ళ మనిషి అడుగు మొదట తడబడింది. రెండో ఆవర్తానికి పాదం దారి కనుక్కుంది. భుజాలు వెనక్కి పోయాయి. చేతులు కలిపి తిరిగారు, ఒకరి చుట్టూ ఒకరు అల్లుకున్నారు, రెండు వరసల మధ్య గేటు తలుపుల్లా తెరుచుకుని మూసుకున్నారు. మూలనున్న ముసలమ్మలు చప్పట్లతో తాళం వేస్తున్నారు. మార్సలీ తండ్రిని ఇలా ఎప్పుడో చిన్నప్పుడు చూసింది. ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు.

చివరి ఎనిమిది. తప్పు వైపులకి మారారు. చెయ్యి చెయ్యి పట్టుకుని మధ్యలో కిందికి దిగారు. మార్సలీ అతని కుడిపక్కన ఉంది. నాలుగు ఆవర్తాలు ఆమెవి.

ఆమెకి ఒక్క మాటా దొరకలేదు. కింది దాకా వెళ్ళి తిరిగారు. పైకి వస్తూ డూగల్ కూడా ఏమీ అనలేదు. ఆఖరి రెండడుగుల్లో ఒకరినొకరు రాసుకుంటూ దాటి ఎవరి వరసలోకి వాళ్ళు పడ్డారు. చూసేవాళ్ళు నవ్వారు. మిస్ కార్గిల్ ఏదో రాసుకుంది.

ప్రతి జంటా ఆటని రెండుసార్లు ఆడాలి. ఈసారి రెండో స్థానం నుంచి మళ్ళీ మొదలైంది. తిరగడం, అల్లుకోవడం, గేట్లు తెరుచుకోవడం. మార్సలీ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఊపిరి అందడం లేదు. అయినా ఒళ్ళు తేలికగా ఉంది. మళ్ళీ చివరి ఎనిమిది వచ్చాయి. మళ్ళీ చెయ్యి చేతిలోకి వచ్చింది.

దిగుతూ ఆమె అతని కుడిచెవి వైపు వంగింది.

"ఇక్కడ అమ్మ నీకేం చెప్పేది?"

డూగల్ అడుగు తప్పలేదు. కింద తిరిగారు. ఇప్పుడు ఆమె అతని ఎడమపక్కన. ఆమె ఏమన్నా అతనికి వినబడదు. ఇక అతనే మాట్లాడాలి.

"మొదట్లో ఏవో చెప్పేది," అన్నాడు, ఎదురుగా చూస్తూ. "నీ చొక్కా బయటికొచ్చింది అనో, పొయ్యి మీద సూపు మర్చిపోయాననో. నవ్వించేది."

రెండు ఆవర్తాలు అయిపోయాయి.

"నువ్వు వాగు దగ్గర పడ్డ ఏడాది నుంచీ ఒకటే మాట. ప్రతి చలికాలం, ఈ హాల్లో, ఇక్కడే. 'పిల్లకి చెప్పెయ్యి డూగల్. నువ్వు చెప్పవు, నన్ను చెప్పనివ్వవు. చెప్పెయ్యి.'"

మార్సలీ చెయ్యి అతని చేతిలో బిగిసింది.

"పైకొచ్చేటప్పుడు నేను చెప్పేవాణ్ణి, వచ్చే చలికాలం అని. ప్రతిసారీ అదే. మీ అమ్మనేమీ అనకు తల్లీ. నోరు కుట్టింది నేను. భయపడ్డవాణ్ణి నేను. ముందు ఉద్యోగం పోతుందని. తర్వాత, నువ్వు నన్ను... అంతే."

పైకి చేరిపోయారు. రెండడుగులు మిగిలాయి. చెయ్యి వదిలి దాటాలి.

డూగల్ వదిలాడు. మార్సలీ వదల్లేదు.

రెండడుగులూ గడిచిపోయాయి. పాట చుట్టు తిరిగి మొదటికి వచ్చింది. కొత్త జంటగా నెట్టా, పోస్టుమాన్ మొదలుపెట్టాలి. దారిలో తండ్రీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. ఆమె మగవాళ్ళ వరసలో, అతను ఆడవాళ్ళ వరసలో, మధ్యన పట్టుకున్న చెయ్యి.

"దాటవే పిల్లా!" అని అరిచింది నెట్టా. "నా మోకాళ్ళు ఎంతసేపు ఆగుతాయే?"

హ్యూయీ వాయిస్తూనే మెడ సాచి చూస్తున్నాడు. మిస్ కార్గిల్ పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. డూగల్ కూతురి పెదవుల వంక చూస్తున్నాడు. ఆమె ఏదో అంటోంది. వాయిద్యాల మోతలో ఒక్క అక్షరం కూడా అతనికి అందడం లేదు.

"వినబడటం లేదు," అన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళలో కూతురితో ఆ మాట అనడం అదే మొదటిసారి. "మార్సలీ, నాకు వినబడటం లేదమ్మా."

అది హ్యూయీ విన్నాడు. అకార్డియన్ మీద అతని వేళ్ళు ఆగిపోయాయి. హాలంతా విన్నది.

ఆ నిశ్శబ్దంలో మార్సలీ అతని చెయ్యి వదలకుండానే అతని కుడిపక్కకి నడవడం మొదలుపెట్టింది.